ఎవరు చెయ్యి చాపినా క్రేను ఆగుతుంది

దువ్వాడ దగ్గర క్రేను ఆపరేటర్లకి తర్ఫీదిచ్చే సంస్థ ఒకటుంది. అక్కడి ప్రిన్సిపాల్ గారు కొత్త పిల్లల కోసం నన్నొక వ్యాసం రాసిమ్మన్నారు. విషయం కూడా ఆయనే చెప్పారు: ఒకేసారి నాలుగు పనులు చక్కబెట్టడం ఎలా. నాకు నవ్వాగలేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను ఒక్క పనే చేశాను, అదీ కుర్చీలో కూర్చుని. ఆ మాటే ఆయనకి చెప్పాను. "పర్లేదండీ, అదే రాసేయండి" అన్నారు. అప్పుడు ఆయన ఎవరికో మెసేజ్ కొడుతున్నారు. నేనేం చెప్పానో విన్నారని నాకు నమ్మకం లేదు. అందుకే ధైర్యంగా రాస్తున్నాను.

పై నుంచి కనబడే లోకం

పోర్టు పక్కన ఒక ప్రైవేటు స్టాకు యార్డులో నేను ఓవర్‌హెడ్ క్రేను నడిపేవాణ్ణి. పెద్ద రేకుల షెడ్డు, దాని కప్పు కింద అటూ ఇటూ తిరిగే క్రేను, ఆ క్రేనుకి వేలాడే గాజు గది. ఆ గదే నా ఆఫీసు. కింద స్టీలు కాయిల్స్ ఉంటాయి. పరుపు చుట్టలాగా చుట్టిన స్టీలు రేకన్నమాట, ఒక్కొక్కటీ లారీని కుంగదీసేంత బరువు. వాటిని హుక్కుకి తగిలించి ఎత్తడం, మోసుకెళ్లడం, దించడం. ఇంతే నా పని.

పైన కూర్చున్నవాడికి అందరి నడినెత్తులూ కనబడతాయి. ఎవరు హెల్మెట్ కింద ఇయర్‌ఫోన్ దాచారో, ఎవరు కాయిల్స్ వెనక్కెళ్లి సమోసా తింటున్నారో, ఏ సూపర్‌వైజరు పని చేస్తున్నాడో, ఏ సూపర్‌వైజరు పని చేస్తున్నట్టు నడుస్తున్నాడో అంతా తెలుస్తుంది. దేవుడు కూడా పైనుంచే చూస్తాడంటారు గానీ ఆయనకి కాలక్షేపం ఎలాగో నాకు తెలియదు. నాకు మాత్రం బాగా జరిగేది. అలాగని హుక్కు మీద బరువున్నప్పుడు చూసేవాణ్ణి కాదు. హుక్కు ఖాళీగా ఉన్నప్పుడే. ఈ తేడా గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఒకే ఒక్క చెయ్యి

నాకు పని నేర్పినాయన సింహాచలం గారు. శ్రీకాకుళం వైపు మనిషి. నేను కేబిన్‌లో అడుగు పెట్టగానే నా చొక్కా జేబులో ఉన్న బఠాణీల పొట్లం తీసి కిందకి గిరాటేశారు.

"ఏటి సేత్తన్నారు బాబూ?" అని నేను లబలబలాడాను.

"నోరు కూడా ఆడకూడదొరే. నోరాడితే మనసు బఠాణీ మీదకెల్లిపోద్ది. కింద ఒక సెయ్యి కనబడతాది, సూసేవా? అదొక్కటే సూడు. ఇంకేటీ సూడకు."

ఆ చెయ్యి సిగ్నల్‌మన్‌ది. క్రేను నడిపేవాడికి కింద నేల సరిగా కనబడదు, పైగా షెడ్డు మోతలో మాటా వినబడదు. అందుకని కింద ఒకడు నిలబడి చేత్తో చెబుతాడు. వేలు కిందకి చూపించి చిన్న గుండ్రం తిప్పితే దించమని. వేలు పైకి పెట్టి తిప్పితే ఎత్తమని. చెయ్యి బారుగా పక్కకి చాపి, అరచెయ్యి నేలకేసి పెడితే ఆపెయ్యమని. యార్డుకి ఎంతమంది ఆఫీసర్లున్నా, మేనేజింగ్ డైరెక్టరే దిగొచ్చి గెంతినా, ఆపరేటరు ఆ సిగ్నల్‌మన్ చెయ్యి తప్ప ఇంకెవరి మాటా వినకూడదు.

దానికొక్కటే మినహాయింపు. ఆపమనే సైగ మాత్రం ఎవరైనా చెయ్యొచ్చు. లారీ డ్రైవరు, టీ తెచ్చేవాడు, దారి తప్పి లోపలికొచ్చిన పెద్దమనిషి, ఎవరు చెయ్యి చాపినా క్రేను ఆగాలి. ఎందుకని అడగకూడదు. ముందు ఆపాలి, తర్వాత తిట్టుకోవాలి.

నా సిగ్నల్‌మన్ మస్తాన్. పాత ఊరి మనిషి, వన్‌టౌన్‌లో తాతలనాటి ఇల్లు. వాళ్లది బోర్డులు రాసే కుటుంబం. ఫ్లెక్సీలొచ్చాక దుకాణాల బోర్డులు పోయాయి గానీ, ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల మీద పేర్లు ఇప్పటికీ మస్తానే రాస్తాడు. వాడిది ఎడం చేతి వాటం. సైగలు కుడి చేత్తో చేసేవాడు, బోట్ల మీద అక్షరాలు ఎడం చేత్తో దిద్దేవాడు. దారం, స్కేలు ఏమీ పెట్టకుండా, ఊగుతున్న బోటు మీద 'శ్రీ గంగమ్మ తల్లి' అని రాస్తే ఒక్క గీత వంకర పోయేది కాదు. "కుడి సెయ్యి కంపెనీది బావా, ఎడం సెయ్యి నాది" అనేవాడు.

ఇద్దరం మాటల కన్నా సైగలతోనే ఎక్కువ స్నేహం చేశాం. మా అమ్మాయి పెళ్లి విందులో వడ్డించేవాడు మస్తాన్ విస్తట్లో పులిహోర వేస్తుంటే, వీడు పరధ్యానంగా వేలు కిందకి చూపించి గుండ్రం తిప్పాడు, ఇంకాస్త దించమని. పాపం ఆ వడ్డించేవాడికేం తెలుసు, చక్కా వెళ్లిపోయాడు.

ఎడం చెయ్యి ఖాళీగా ఉంది కదా

ప్రసాద్ గారు మా యార్డుకి మేనేజరుగా వచ్చారు. విజయవాడ వైపు నుంచి. చెడ్డవాడు కాదు. నిజం చెప్పాలంటే నేను చూసిన మేనేజర్లలో అంత చురుకైనవాడు లేడు. ఒక చెవిలో ఫోను, ఇంకో చేత్తో సంతకం, మధ్యలో ఇడ్లీ, ఎదురుగా నిలబడ్డవాడికి తల ఊపి సమాధానం. అన్నీ జరిగిపోయేవి. చట్నీ ఒక్కటే అప్పుడప్పుడు కాగితాల మీద పడేది.

కాకపోతే ఎవరైనా ఒక్క పని చేస్తూ కనబడితే ఆయన మనసుకి కష్టంగా ఉండేది. ఒక రోజు షెడ్డులోకొచ్చి మస్తాన్‌ని చాలాసేపు చూశారు. మస్తాన్ కుడి చెయ్యి సైగలు చేస్తోంది. ఎడం చెయ్యి వేలాడుతోంది.

"మస్తాన్ గారూ, మీ ఎడం చెయ్యి ఖాళీగానే ఉంది కదా?" అన్నారు.

మర్నాటికి ఆ చేతిలో ఒక టాబ్లెట్, అదే పలకంత ఫోను, పెట్టారు. ప్రతి కాయిల్ మీదా ఒక స్టిక్కరుంటుంది. దించేచోట పక్క కాయిల్ స్టిక్కరు కూడా టాబ్లెట్‌కి చూపించాలి, అప్పుడుగాని అది ముందుకి పోదు. ఆ పనికి ఇదివరకు వేరే మనిషుండేవాడు. ఇప్పుడు ఆ మనిషిని గేటు దగ్గరికి పంపేశారు. లారీ డ్రైవర్ల ఫోన్లు కూడా మస్తాన్‌కే.

"సార్, సేతులు రెండున్నా కళ్లు రెండూ ఒకేపక్కే సూత్తాయి కదా సార్" అన్నాడు మస్తాన్.

"అలవాటైపోతుందండీ. నన్ను చూడండి" అన్నారు ప్రసాద్ గారు, ఫోన్‌లో ఎవరికో "ఆ, చెప్పండి" అంటూ.

నాకు ఒళ్లు మండింది. మండినప్పుడు అరిచేవాడు ఒక రకం, అల్లరి చేసేవాడు ఇంకో రకం. నేను రెండో రకం.

రూలు ప్రకారం నడుచుకున్నాను

ప్రసాద్ గారికి ఒక అలవాటుంది. ఫోన్‌లో ఎవరికైనా "కుదరదు" అని చెప్పేటప్పుడు, రెండో చెయ్యి బారుగా పక్కకి చాపేస్తారు, అరచెయ్యి నేలకేసి. ఆయనకి తెలియదు, అది మా భాషలో ఆపమని. ఆయన కుదరదు అనే మనిషి కాబట్టి రోజూ షెడ్డులో తిరుగుతూ చాలాసార్లు చాపేవారు. ఇదివరకు అలాంటివి కనబడితే సిగ్నల్‌మన్ నా వైపు చూసి నవ్వి, కానిమ్మని సైగ చేసేవాడు. నేను కానిచ్చేవాణ్ణి.

ఆ రోజు నుంచి కానివ్వలేదు. ఆయన చెయ్యి చాపడం, నేను ఆపడం. మళ్లీ మొదలుపెట్టడానికి సిగ్నల్‌మన్ కింద చుట్టూ తిరిగి చూసి, అంతా బాగుందని తేల్చుకోవాలి. అది కూడా రూలే. లారీలు షెడ్డు బయట బారులు తీరాయి. డ్రైవర్లు హారన్లు మోగిస్తున్నారు. ఆ గొడవకి ప్రసాద్ గారికి ఫోన్లు పెరిగాయి. ఫోన్లు పెరిగేసరికి కుదరదనడం పెరిగింది. ఆయన చెయ్యి చాపినకొద్దీ క్రేను ఆగింది.

చివరికి ఆయన కిందనుంచి అరిచారు. నేను గాజు తలుపు తీసి మర్యాదగా చెవి పెట్టాను.

"ఏవండీ నాయుడు గారూ! ఎవరాపమన్నారు?"

"తమరేనండి."

"నేనెప్పుడు ఆపమన్నాను?"

"ఇప్పుడు కూడా అన్నారండి. సెయ్యి సూసుకోండి."

ఆయన తన చెయ్యి తాను చూసుకున్నారు. బారుగా చాపి ఉంది. మస్తాన్ టాబ్లెట్ మొహానికి అడ్డం పెట్టుకుని వణికిపోతున్నాడు, నవ్వుతో.

మర్నాడు ఆయన నన్ను పిలిచి తిడతారనుకున్నాను. తిట్టలేదు. రూలు పుస్తకం తెప్పించుకుని చదివారు. అప్పట్నుంచి షెడ్డులోకి వస్తే ఖాళీ చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని మాట్లాడేవారు. కుదరదు అన్నప్పుడల్లా ఆ చెయ్యి జేబు లోపలే ఎగిరేది. పైనుంచి అది చూడడానికి టిక్కెట్టు పెట్టొచ్చు. టాబ్లెట్ మాత్రం మస్తాన్ చేతిలోనే ఉండిపోయింది. అల్లరికి అంతవరకే బలం.

ఎడం చెయ్యి ఎక్కడుందో నాకు కనబడలేదు

ఒకనాటి మధ్యాహ్నం, భోజనాలయ్యాక. రెండు కాయిల్స్ మధ్య ఖాళీలో ఇంకో కాయిల్ కూర్చోబెట్టాలి. సందు ఇరుకు. మస్తాన్ కుడి చెయ్యి నాకు స్పష్టంగా కనబడుతోంది. వేలు కిందకి, చిన్న గుండ్రం. దించు, దించు. నేను దించుతున్నాను.

నాకు కనబడంది ఏమిటంటే, పక్క కాయిల్ స్టిక్కరు సందులోకి తిరిగి ఉంది. నేను దించిన కాయిల్ కూర్చుంటే అది మూసుకుపోతుంది. మూసుకుపోతే టాబ్లెట్ ఒప్పుకోదు. అందుకని మస్తాన్ కాయిల్ వెనకనుంచి వంగి, టాబ్లెట్ పట్టుకున్న ఎడం చెయ్యి సందులోకి పెట్టాడు. వాడి ధ్యాస ఆ స్టిక్కరు మీదుంది. కుడి చెయ్యి అలవాటు కొద్దీ తిరుగుతూనే ఉంది. ఒక చెయ్యి నాకు దించమని చెబుతోంది, రెండో చెయ్యి ఆ దించే బరువు కిందే ఉంది.

అప్పుడు లారీ పక్కన ప్రసాద్ గారి చెయ్యి జేబులోంచి బయటికొచ్చింది. బారుగా చాపారు. అరచెయ్యి నేలకేసి.

నేను ఆపేశాను. ఆలోచించలేదు. మస్తాన్ చెయ్యి దించమంటోంది కదా అనుకోలేదు, ఆయన ఫోన్‌లో ఉన్నారు కదా అనుకోలేదు. చెయ్యి చాపితే ఆపాలి, అంతే. కాయిల్ గాలిలో ఊగుతూ నిలబడింది.

కాయిల్ వెనకనుంచి మస్తాన్ మెల్లగా లేచాడు. ఎడం చెయ్యి పైకెత్తి, వేళ్లు ముడిచి, తెరిచి, మళ్లీ ముడిచి చూసుకున్నాడు. టాబ్లెట్ సందులోనే ఉండిపోయింది. అప్పటికి నాకు అర్థమైంది. ఎదురుగా ఉన్న బ్రేకు మీంచి చెయ్యి తియ్యడానికి భయమేసింది. జీవితంలో అంత భయం నేను ఇంకెప్పుడూ పడలేదు.

యార్డంతా ప్రసాద్ గారి చుట్టూ మూగింది. "సార్ సూసేరు! ఫోన్లో ఉండి కూడా సూసేరు!" మస్తాన్ ఆయన కాళ్ల మీద పడబోతే ఆయన పట్టుకుని లేపారు. ఆయన మొహం తెల్లగా పాలిపోయింది. అందరూ అది పెద్దమనసనుకున్నారు. పై ఆఫీసువాళ్లు వచ్చి శాలువా కప్పారు. నాలుగు పనులు ఒకేసారి చేసేవాడి చురుకుదనం ఇదీ అని ఒకాయన ఉపన్యాసం కూడా ఇచ్చాడు.

మేనేజరు గారు నిచ్చెనెక్కారు

శాలువా కప్పిన మర్నాడు ప్రసాద్ గారు నా కేబిన్‌కి ఎక్కొచ్చారు. ఏ మేనేజరూ ఎప్పుడూ ఎక్కలేదు. ఆయాసపడుతూ నా పక్కన నిలబడ్డారు. జేబులో ఫోను మోగింది. తియ్యలేదు. ఆయన ఫోను తియ్యకపోవడం నేను మొదటిసారి చూశాను.

"నాయుడు గారూ, నేను మస్తాన్‌ని చూడలేదండీ."

"ఏటండీ?"

"మా ఇంట్లో నీళ్ల మోటారు కాలిపోయింది. మెకానిక్ రెండుసార్లు పాడుచేశాడు. వాడితో మాట్లాడుతున్నాను. ఇంక మోటారు ముట్టుకోవద్దు అంటూ చెయ్యి చాపాను. అంతే. నేను ఎవర్నీ చూడలేదు."

అంటే ఆ క్షణంలో మస్తాన్ చెయ్యిని ఎవరూ చూడలేదన్నమాట. మస్తాన్ చూసుకోలేదు, నేను చూడలేదు, ఆయన చూడలేదు. ఒక నీళ్ల మోటారు కాపాడింది. ఇది ఎంత ఘోరమో తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

"ఈ సంగతి చెప్పేస్తానండీ అందరికీ. శాలువా తిరిగిచ్చేస్తాను" అన్నారు.

ఇక్కడ నాలోని అల్లరివాడు నిద్ర లేచాడు.

"సెప్పకండి సార్. సెప్తే మిమ్మల్ని నవ్వుతారు, మీ మాట ఎవడూ వినడు. ఇప్పుడు మీరు దేవుడు. దేవుడు టాబ్లెట్ తీసీమంటే పై ఆఫీసువోళ్లు మారుమాటాడతారా? ముందు అది తీయించండి. శాలువా ఉండనీండి, శీతాకాలంలో పనికొత్తాది."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, నిచ్చెన దిగి వెళ్లిపోయారు. వారం తిరక్కుండా గేటు దగ్గరున్న మనిషి వెనక్కొచ్చాడు, టాబ్లెట్ అతని చేతికెళ్లింది. మస్తాన్ ఎడం చెయ్యి మళ్లీ ఖాళీగా వేలాడింది. అంత అందమైన ఖాళీ నేను చూడలేదు.

కత్తెరా, కుట్టుమిషనా

కొత్తగా వచ్చే పిల్లలకి నా తీర్పు ఇది. ఒక్క పనే చెయ్యాలి, నాలుగు చేస్తే పాపం అని నేను అనను. ప్రసాద్ గారు ఇడ్లీ తింటూ సంతకం పెడితే మహా అయితే చట్నీ పడుతుంది. కంచరపాలెంలో మా ఆవిడ ఈశ్వరమ్మ ఇంట్లో బట్టలు కుడుతుంది. మిషను తొక్కేటప్పుడు వీధిలో అందరితో కబుర్లు చెబుతుంది, కుక్కర్ విజిల్స్ వింటుంది, నన్ను తిడుతుంది. కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు. కత్తెర చేతిలోకి తీసుకుంటే మాత్రం ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదు. కోసిన గుడ్డ మళ్లీ అతకదు కదా.

మీ పని మధ్యలో వదిలేసి మళ్లీ అందుకోగలిగేదా, కాదా, అది చూసుకోండి. వదలగలిగితే నాలుగు కాదు, పది చెయ్యండి. వదల్లేనిదైతే జేబులో బఠాణీలు కూడా ఉండకూడదు. హుక్కు ఖాళీగా ఉన్నంతసేపూ నేను కూడా అందరి బట్టతలలూ లెక్కపెట్టుకునేవాణ్ణి. ఏ పని ఏ రకమో తెలియని మేనేజరొస్తే, రూలు పుస్తకం తెరిచి అక్షరం పొల్లుపోకుండా పాటించండి. దానికంటే పెద్ద అల్లరి లేదు.

ఖుర్మా

ఇప్పుడు ముగ్గురం రిటైరయ్యాం. ప్రసాద్ గారు ఇక్కడే సీతమ్మధారలో ఇల్లు కొనుక్కున్నారు. మస్తాన్ ప్రతి రంజాన్‌కీ క్యారియర్‌లో ఖుర్మా, అంటే పండక్కి చేసే సేమ్యా పాయసం, పట్టుకుని ఆయనింటికి వెళతాడు, తోడు నన్ను లాక్కెళతాడు. క్యారియర్ ఎడం చేత్తోనే పట్టుకుంటాడు. "ఈ సెయ్యి మీరిచ్చిందే సార్" అంటాడు. ప్రతి ఏడూ ప్రసాద్ గారు ఆ మాటకి గుటక మింగలేక అవస్థ పడతారు, నేను ఎదురుగా కూర్చుని ఆనందిస్తాను.

ఈసారి ఆయనకి ఓపిక అయిపోయింది. చెంచా కింద పెట్టారు.

"మస్తాన్ గారూ, మీకొక సంగతి చెప్పాలండీ. ఆ రోజు నేను..."

నేను సోఫాలో కూర్చున్న పళంగా చెయ్యి బారుగా పక్కకి చాపాను. అరచెయ్యి నేలకేసి. ఆయన అక్కడికక్కడ ఆగిపోయారు. మస్తాన్‌కి తెలిస్తే, ఆ రోజు తనని ఎవరూ చూడలేదని తెలిస్తే, బోటు మీద అక్షరం రాసేటప్పుడు ఆ చెయ్యి వణుకుతుందని నా భయం.

"ఏటి బావా, సోఫా మీద కూడా క్రేనేటి?" అన్నాడు మస్తాన్. ప్రసాద్ గారు తలొంచుకుని ఖుర్మా తిన్నారు.

బయటికొచ్చి మెట్లు దిగుతుంటే మస్తాన్ నవ్వడం మొదలుపెట్టాడు.

"ఎందుకాపీసావ్ బావా? పాపం, ఇయ్యాల సెప్పీసీవోరు."

"ఏటి సెప్పీసీవోరు?"

"మోటారు సంగతి. నా తల కాయిల్ ఎనకుంది గానీ సెవులెక్కడికెల్తాయి? 'మోటారు ముట్టుకోవద్దు' అని నా పక్కనే లారీ కాడ నిలబడి అరిసేరు కదా."

నేను మెట్టు మీదే నిలబడిపోయాను. "అప్పట్నుంచీ తెలుసేటి నీకు? మరి ఈ ఖుర్మాలేటి? ఆ సెయ్యి మీరిచ్చిందే సార్ ఏటి?"

"అలా అంటేనే ఆయన ఫోను కట్టీసి, కిందెట్టీసి, బుద్ధిగా కూకుని తింటారు బావా. ఏడాదికోసారి ఆయన ఒక్క పని సేత్తంటే సూడ్డానికి నాకెంత సరదానో."

ఇంత అల్లరివాణ్ణి పక్కన పెట్టుకుని ఇన్నాళ్లూ నేనే అల్లరివాణ్ణనుకున్నాను. కొంచెం ఉడుకుమోత్తనం కూడా వచ్చింది.

"ఆయన సూడలేదని తెలుసు. క్రేనాపింది నాను. మరి నాకేదీ ఖుర్మా?"

"నీకు సుగరు కదా" అన్నాడు. నాలుగడుగులు వేశాక, నా వైపు చూడకుండా, "ఆయనకైతే ఖుర్మాతో అయిపోద్ది బావా. నీకు ఏటిచ్చి సరిపెట్టను?" అన్నాడు.

ఎదురుగా రోడ్డు మీద ఆటోలు, స్కూటర్లు, కాలేజీ బస్సులు సందివ్వకుండా పోతున్నాయి. మస్తాన్ ఎడం చేత్తో నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కుడి చెయ్యి బారుగా పక్కకి చాపాడు, అరచెయ్యి నేలకేసి. బళ్లన్నీ ఆగాయి. ఇద్దరం రోడ్డు దాటాం.